కదిలే ఇంట్లో యాభై మైళ్లు

"ఎనక గంత పెద్ద మంచం ఖాళీగ పోతాంది. నేను ఈ సీట్ల నడుం విరగ్గొట్టుకుంట కూసోవాల్నా బిడ్డా?"

కాలిఫోర్నియా ఎడారి అంచున బార్‌స్టో అనే ఊళ్లో పెట్రోల్ కోసం ఆగినప్పుడు మా అమ్మ అడిగిన ప్రశ్న ఇది. నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, అమ్మ అడిగినదాంట్లో తప్పేముంది అనిపించింది.

ముందు మా బండి సంగతి చెప్పాలి. కారవాన్ అనగానే మనకు షూటింగ్ దగ్గర హీరో కూర్చునే ఏసీ బండి గుర్తొస్తుంది కదా! అమెరికాలో ఇలాంటి బళ్లన్నిటినీ కలిపి ఆర్వీ అంటారు. వాటిలో ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మోటార్‌హోమ్. ఇంజిన్, స్టీరింగ్, ఇల్లు అన్నీ ఒకే బండిలో ఉంటాయి. రెండోది ట్రైలర్. దానికి ఇంజిన్ ఉండదు. మన దగ్గర ట్రాక్టర్ వెనక ట్రాలీ ఎలాగో, ఇక్కడ పికప్ ట్రక్కు వెనక ఈ ఇల్లు అలాగన్నమాట. మా బావ పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది ఈ రెండో రకమే. 26 అడుగుల పొడవు. లోపల ముందు వైపు డబుల్ కాట్ మంచం, మధ్యలో గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, సింకు, డైనింగ్ టేబుల్, వెనక బాత్రూమ్. తలుపు తీయగానే అమ్మ అన్న మొదటి మాట, "మన ఊరి పెంకుటిల్లు కన్న మంచిగున్నది."

అమ్మ ఫిబ్రవరిలో పరకాల దగ్గర మా ఊరి నుంచి వచ్చింది. నాన్న రాలేదు, "మిర్చి ఎవరు ఏరిపిస్తరు?" అని ఉండిపోయాడు. అమ్మకు గ్రాండ్ కాన్యన్ చూపించాలని ఏప్రిల్‌లో అక్క, బావ, నేను, అయిదేళ్ల మా మేనల్లుడు కలిసి ఫ్రీమాంట్ నుంచి బయల్దేరాం. ఒకవైపే సుమారు 1,250 కిలోమీటర్లు. మధ్యలో ఒక్క రాత్రి ఆగి, రెండో రోజు చీకటి పడేసరికి వీలైనంత దగ్గరికి చేరాలని బావ ప్లాన్.

మొదటి రాత్రి బేకర్స్‌ఫీల్డ్‌లో ఆగాం. అప్పటికే అమ్మ నడుం పట్టేసింది. నలభై ఏళ్లు వంగి నాట్లేసిన నడుం అది. పొద్దున టెహాచాపీ కొండ ఎక్కుతుంటే దారి పొడవునా గుట్టల మీద వందల గాలిమరలు తిరుగుతున్నాయి. మేం ఫొటోలు తీసుకుంటున్నాం. అమ్మ మాత్రం పక్కకు ఒరిగి కళ్లు మూసుకుంది. బార్‌స్టో వచ్చేసరికి దిగి నిలబడటానికే కష్టమైంది.

"మేడారం ట్రాలీల పోలేదా?"

"అత్తమ్మను ట్రైలర్ల పండుకోమందాం. కాలిఫోర్నియాల పర్మిషన్ ఉన్నదట, మా ఆఫీసుల ఎవరో చెప్పిండ్రు" అన్నాడు బావ. 

అక్క ఒప్పుకోలేదు. "సీట్ బెల్టు లేదు, ఏం లేదు. ఎట్ల పోతది?" అంది.

అమ్మ నవ్వింది. "మేడారం ట్రాలీల పోలేదా మనం? గీనికి కనీసం గోడలన్న ఉన్నయి."

ఆ మాటతో మా వాదన అయిపోయింది. 2008లో సమ్మక్క సారలమ్మ జాతరకు మేం నిజంగానే ట్రాక్టర్ ట్రాలీలో పోయాం. నాకప్పుడు పదేళ్లు. ట్రాలీలో గడ్డి పరిచి, దాని మీద బొంతలేసి, పైన టార్పాలిన్ కట్టారు. బియ్యం బస్తా, వంట గిన్నెలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, అమ్మవారికిచ్చే బెల్లం, ఇరవై మంది మనుషులు. నానమ్మ ఒళ్లో తల పెట్టుకుని చుక్కలు చూస్తూ పోయిన ఆ రాత్రి ఇప్పటికీ నా చిన్నతనంలో నాకు బాగా ఇష్టమైన ప్రయాణం. ఆ ట్రాలీలో ఎవరికీ ఏం కాలేదు. ఏం కాలేదు కాబట్టే అది తీపి జ్ఞాపకం అయ్యిందని అప్పుడు తట్టలేదు.

నేను మధ్యేమార్గం చెప్పాను. "ముందు నేను పోయి పండుకుంట. లడ్లో అనే ఊరు యాభై మైళ్లు. అక్కడి దాకా చూసి, బాగుంటే అమ్మ ఎక్కుతది."

మేనల్లుడు "నేను మామతో పోతా" అని పొద్దుటి నుంచే గోల చేస్తున్నాడు. బావ సరేనని కూడా అన్నాడు. కానీ పెట్రోల్ కొట్టించేలోపు వాడు తన చైల్డ్ సీట్లోనే నిద్రపోయాడు. లేపితే మళ్లీ పడుకోడని అక్క వదిలేసింది. వాడు నాతో రాకపోవడానికి కారణం అంతే. ఇంకేం లేదు.

మొదటి పది నిమిషాలు

బార్‌స్టో నుంచి ఇంటర్‌స్టేట్ 40 మొదలవుతుంది. ఎడారిలో మొదలై, దేశం ఆ చివర అట్లాంటిక్ తీరంలో విల్మింగ్టన్ దాకా 4,100 కిలోమీటర్లు పోయే రోడ్డు అది. దాని పక్కనే పాత రూట్ 66 కూడా పడుతూ లేస్తూ వస్తుంది.

మంచం మీద వెల్లకిలా పడుకున్నా. మొదటి పది నిమిషాలు చాలా బాగుంది. రైల్లో పై బెర్తులో పడుకున్నట్టే ఉంది. కిటికీలోంచి నల్లటి కొండలు, తెల్లటి ఇసుక కనిపిస్తున్నాయి. అమ్మకు ఇది నచ్చుతుంది అనుకున్నా. సెల్ఫీ కూడా తీసుకున్నా.

తర్వాత తెలిసింది, ట్రైలర్‌లో పడుకోవడానికీ రైల్లో పడుకోవడానికీ పోలిక లేదని. ట్రైలర్ చక్రాలు మధ్యలో ఉంటాయి. ముందు భాగం, వెనక భాగం పిల్లల పార్కులో చెక్క ఊయలలా పైకీ కిందికీ లేస్తుంటాయి. రోడ్డు మీద ప్రతి అతుకుకూ మంచం నన్ను పైకి విసిరి పట్టుకుంటోంది. పట్టుకోవడానికి నాకు ఏమీ లేదు. మంచానికి కమ్మీ లేదు, గోడకు హ్యాండిల్ లేదు.

ఇంకో ఇరవై నిమిషాలకు గాలి మొదలైంది. మొజావీ ఎడారిలో మధ్యాహ్నం గాలి మామూలు విషయమేనట. ట్రైలర్ పక్క గోడ అంటే దాదాపు ఒక తెరచాప. దానికి తోడు కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే బళ్లు గంటకు 55 మైళ్లు దాటకూడదు కాబట్టి బావ పద్ధతిగా 55లో నడుపుతున్నాడు. పెద్ద పెద్ద ట్రక్కులు మమ్మల్ని దాటేస్తున్నాయి. ట్రక్కు పక్కకు వచ్చినప్పుడు ముందు ఆ గాలి ట్రైలర్‌ను అవతలికి తోస్తుంది. దాటిపోయేటప్పుడు తనవైపు లాగుతుంది. ఒకసారి, రెండుసార్లు తట్టుకున్నాం. మూడోసారి రెండు ట్రక్కులు వెంటవెంటనే దాటాయి. ట్రైలర్ తోక ఊగడం మొదలుపెట్టింది.

కుడికి, ఎడమకు, మళ్లీ కుడికి. ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువగా.

నేను లేచి కూర్చునేలోపు వంటింటి వైపు అల్మరా తలుపు తెరుచుకుంది. ముందు ఇనప పెనం వచ్చింది. అది నేల మీద జారుకుంటూ వచ్చి మంచం కాలికి కొట్టుకుంది. వెనకాలే అయిదు లీటర్ల కుక్కర్. తర్వాత అమ్మ ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ సీసా. అది పగిలింది. నూనె, గాజు పెంకులు, కారం నేలంతా పరుచుకున్నాయి. నేను దిగబోయి ఆ నూనె మీద కాలేశాను. జారి, మంచానికీ గోడకూ మధ్య సందులో పడ్డాను. చెయ్యి గాజు పెంకు మీద పడింది.

బావకు ఫోన్ చేద్దామని జేబులోంచి తీశా. సిగ్నల్ లేదు. ఎడారి మధ్యలో ఒక్క గీత కూడా లేదు. గోడ మీద కొట్టాను, అరిచాను. ముందున్న పికప్‌లో ఇంజిన్ చప్పుడు, ఏసీ, పాటలు. వాళ్లకెలా వినిపిస్తుంది? అద్దంలో బావకు కనిపించేది ట్రైలర్ పక్క గోడ మాత్రమే. నేను బతికున్నానో, లోపల మంటలంటుకున్నాయో తెలిసే దారే లేదు. తలుపు తీసి దూకేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. గంటకు 88 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిలోంచి!

ఊగుడు ఎంతసేపు ఉందో కచ్చితంగా చెప్పలేను. బావ లెక్కలో పది పదిహేను సెకన్లు. నా లెక్కలో చాలాసేపు. తర్వాత వేగం తగ్గి బండి సర్దుకుంది. మిగతా దారి అంతా ఆ సందులోనే, రెండు కాళ్లు మంచానికి తన్ని పెట్టి కూర్చున్నా. అప్పుడు ఒక్కటే ఆలోచన. వాడు నిద్రపోకపోయి ఉంటే, నాతో వచ్చి ఉంటే, ఆ పెనం వచ్చిన దారిలోనే ఆడుకుంటూ ఉండేవాడు.

లడ్లోలో బండి ఆగింది. తలుపు తీసింది అమ్మే. నేల మీద ఎర్రటి నూనె, నా చేతి నిండా ఎరుపు చూసి కేక పెట్టింది. "ఆవకాయనే అమ్మా, ఆవకాయనే" అని నేను చెప్తున్నా ఆమెకు వినపడలేదు. అక్కడే మెట్టు మీద కూలబడింది. నా అరచేతికి అయిన గాయం చిన్నదే. కానీ అమ్మ చేతులు వణకడం తగ్గడానికి అరగంట పట్టింది.

ఎవరో చెప్పింది సగమే

"ఊగినప్పుడు నువ్వు లోపల ఉన్నవన్నదే గుర్తొచ్చింది రా, చేతులు చల్లబడ్డయి" అన్నాడు బావ. అయినా అతను చేసిన పని సరైనదే. కంగారుపడి బ్రేక్ గట్టిగా తొక్కలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, డ్రైవర్ దగ్గరుండే చిన్న లీవర్‌తో ట్రైలర్ బ్రేకులు మాత్రం మెల్లగా వేశాడు. ఊగుతున్నప్పుడు పికప్ బ్రేక్ తొక్కితే వెనకనున్న బరువు ముందుకు తోసుకొచ్చి రెండూ మడతపడే ప్రమాదం ఉంది.

లడ్లోలో ఫోన్‌కు సిగ్నల్ వచ్చింది. అప్పుడు కూర్చుని చదివాను, బయల్దేరేముందు చదవాల్సిన చట్టాన్ని. 

బావకు ఎవరో చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. కాలిఫోర్నియా చట్టం ట్రైలర్‌లో మనుషుల్ని కూర్చోబెట్టి లాగకూడదనే చెప్తుంది. మినహాయింపు ఇచ్చింది ఫిఫ్త్ వీల్ అనే ఒక్క రకానికి. దాని కొక్కెం పికప్ వెనక బంపర్‌కు కాదు, పికప్ తొట్టి లోపల, వెనక ఇరుసు మీద ఉంటుంది. పెద్ద కంటెయినర్ లారీల్లాగా. కాబట్టి అది తక్కువగా ఊగుతుంది. దానికి కూడా మూడు షరతులు. కిటికీలకు, తలుపులకు సేఫ్టీ గ్లాస్ ఉండాలి. లోపలివాళ్లు డ్రైవర్‌ను పిలవడానికి బెల్లో, లైటో ఉండాలి. లోపలి నుంచీ బయటి నుంచీ తెరుచుకునే, అడ్డం లేని దారి కనీసం ఒకటి ఉండాలి. మాది ఆ రకమే కాదు. అంటే ఆ యాభై మైళ్లూ మేం చట్టాన్ని ఉల్లంఘించాం.

అమెరికాలో ఈ రూలు ప్రతి రాష్ట్రానికీ మారుతుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో హౌస్ ట్రైలర్ కదులుతుండగా అందులో మనిషి ఉండకూడదని చట్టం ఒక్క వాక్యంలో తేల్చేసింది. బ్రిటన్‌లో కారు లాగే కారవాన్‌లో మనుషులు ప్రయాణించడం నిషేధం. ఒక రాష్ట్రంలో సరే అన్నది సరిహద్దు దాటగానే నేరం కావచ్చు. మేమైతే అదే సాయంత్రం అరిజోనా సరిహద్దు దాటాల్సిన వాళ్లం.

చట్టం సంగతి పక్కన పెట్టి మామూలు లెక్క చూద్దాం. గంటకు 88 కిలోమీటర్ల వేగంలో పోతున్న బండి దేన్నయినా గుద్దితే, బెల్టు లేని మనిషి అదే వేగంతో ఎదుటి గోడకు కొట్టుకుంటాడు. అది దాదాపు 30 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పదో అంతస్తు నుంచి కింద పడటంతో సమానం. పికప్‌లో బెల్టు ఉంది, ఎయిర్ బ్యాగ్ ఉంది, నలిగి దెబ్బను తీసుకునే ముందు భాగం ఉంది. ట్రైలర్‌లో ఉన్నవి సన్నటి చెక్క లేదా అల్యూమినియం చట్రం, దాని మీద పల్చటి రేకు లాంటి గోడ. లోపల మనుషులు ప్రయాణిస్తారన్న లెక్కతో దాన్ని కట్టరు. అది ఆగాక ఇల్లు. కదులుతున్నప్పుడు సామాను పెట్టె.

నీడిల్స్‌లో ఒక పెద్దాయన

ఆ రోజు ఇంక ముందుకు పోలేదు. అంటే గ్రాండ్ కాన్యన్ దగ్గర ఆ తర్వాతి రెండు రాత్రులకు బుక్ చేసుకున్న చోటులో ఒక రాత్రి డబ్బులు పోయాయి. బావకు సెలవు పొడిగించే వీల్లేదు కాబట్టి ఒక రోజు కూడా పోయింది. అక్క బావతో మాట్లాడటం మానేసింది. నాతో కూడా. మెల్లగా, గంటకోసారి ఆగుతూ నీడిల్స్ అనే ఊరు చేరి, కొలరాడో నది ఒడ్డున ఒక ఆర్వీ పార్కులో ఆగాం. గ్రాండ్ కాన్యన్‌ను తొలిచిన నది ఇదే.

పక్క స్థలంలో రిటైరైన ట్రక్కు డ్రైవర్ ఒకాయన, ఆయన భార్య ఉన్నారు. వాళ్లది ఫిఫ్త్ వీల్. నా చేతి కట్టు చూసి ఏమైందని అడిగితే దాచకుండా చెప్పాం. ఆయన తిట్టలేదు. టార్చి తీసుకుని మా ట్రైలర్ చుట్టూ ఒక రౌండ్ వేశాడు. వెనక సామాన్ల అర తెరిపించాడు. అందులో రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు, మంచినీళ్ల క్యాన్లు, కుర్చీలు, బొగ్గుల పొయ్యి. బరువంతా చక్రాలకు వెనకే.

ఊగింది గాలి వల్ల మాత్రమే కాదని అప్పుడు అర్థమైంది. మామూలు ట్రావెల్ ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలట. వెనక బరువు ఎక్కువైతే ముందు భాగం తేలిపోయి, తోక ఊగడానికి చిన్న సాకు చాలు. ఎద్దుబండి తోలినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. "ఎనుక బరువైతే కాడి లేస్తది, ముందట బరువైతే ఎడ్ల మెడలు పోతయి" అంది అమ్మ, నేను తెలుగులో చెప్పగానే. ఇద్దరు ఇంజినీర్లం, మాకు తట్టలేదు.

మేం అందరం కలిసి సామాను మార్చాం. బియ్యం, నీళ్లు చక్రాలకు కొంచెం ముందుకు, కింది అరల్లోకి. పెనం, కుక్కర్ పై అల్మరాలోంచి కిందికి. అల్మరా తలుపులకు గొళ్లాలు.

ఆయన బండికి ఆ మూడు షరతులూ ఉన్నాయి. డ్రైవర్‌ను పిలిచే బెల్లు కూడా ఉంది. "మరి మీ ఆవిడ ఎప్పుడైనా లోపల కూర్చుందా?" అని అడిగాను. బెల్లు కొట్టడానికి ముందు స్పృహ ఉండాలి కదా అన్నాడు. ఆవిడ ఎప్పుడూ ముందు సీట్లోనేనట.

రాత్రి నది ఒడ్డున కూర్చున్నప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అంది, "వలిగొండ కాడ ట్రాక్టర్ కాలువల పడ్డది, యాదికున్నదా?"

గుర్తుంది. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో, పత్తి చేన్లో పనికి కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. వాళ్లు జాతరకు పోయేవాళ్లు కాదు, సరదాకు ఎక్కినవాళ్లు కాదు. పనికి పోవడానికి ఇంకో బండి లేక ఎక్కినవాళ్లు. అమ్మ కూడా అట్లాంటి ట్రాలీల్లో ఎన్నో పొద్దులు పోయింది.

"మనకు ఇంకో సీటు ఉండె" అంది అమ్మ. "ఉండంగ నేనే అడిగిన."

అంచు దగ్గర

మర్నాడు అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాం. సీటు కొంచెం వెనక్కి వాల్చి, నడుం కింద చుట్టిన తువ్వాలు పెట్టాం. సీటు మరీ వాలిస్తే బెల్టు ఒంటికి ఆనదు కాబట్టి కొంచెమే. గంటకోసారి ఆగి పది నిమిషాలు నడిపించాం. మేం దాన్ని "అమ్మ బ్రేక్" అన్నాం. ఆ బ్రేకుల వల్లే కింగ్‌మన్‌లో పాత రూట్ 66 బోర్డులు చూశాం, విలియమ్స్‌లో గ్రాండ్ కాన్యన్‌కు పోయే పాతకాలం రైలు చూశాం. హడావుడిగా పోయి ఉంటే ఇవేవీ చూసేవాళ్లం కాదు. అక్క కూడా విలియమ్స్‌లో కాఫీ దగ్గర మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టింది.

సాయంత్రానికి సౌత్ రిమ్ చేరాం. పార్కు లోపలే ట్రైలర్ విలేజ్ ఉంది. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు అన్నీ ఇస్తారు. బండి అక్కడ పెట్టేసి ఉచిత షటిల్ బస్సులో తిరగొచ్చు. 2,100 మీటర్ల ఎత్తు, ఏప్రిల్‌లో కూడా రాత్రి స్వెటర్ వేసుకోవాల్సిందే.

మాథర్ పాయింట్ దగ్గర అమ్మ రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. కింద మైలు లోతు. ఎదురుగా అవతలి అంచు, కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల దూరం. 446 కిలోమీటర్ల పొడవునా ఆ నది ఇలా కోసుకుంటూ పోయింది. పొద్దు వాలుతుంటే రాళ్లు ముందు పసుపు రంగులోకి, తర్వాత ఎరుపులోకి, తర్వాత ఊదా రంగులోకి మారాయి. మేనల్లుడు అమ్మమ్మ కొంగు పట్టుకుని "ఇంకా ముందుకు పోదాం" అన్నాడు. "ఇక్కడికి చాలు నాయినా" అంది అమ్మ.

మీరు వెళ్తుంటే

అమెరికాలో ఉన్నవాళ్లు, వెళ్లబోయేవాళ్లు, ఈ వేసవిలో ఆర్వీ అద్దెకు తీసుకోవాలనుకునేవాళ్లు మా తప్పు చేయకండి.

ట్రైలర్ అయితే, కదులుతున్నప్పుడు లోపల ఎవరూ ఉండొద్దు. రాష్ట్రం ఒప్పుకున్నా సరే. పది నిమిషాల దూరమైనా సరే.

మోటార్‌హోమ్ అయితే లోపల ప్రయాణించొచ్చు, కానీ బెల్టు ఉన్న సీట్లోనే. "ఆరుగురు పడుకోవచ్చు" అని ప్రకటనలో ఉంటే ఆరు బెల్టులున్నాయని కాదు. ఎన్ని బెల్టులు, వాటిలో ముందుకు తిరిగిన సీట్లెన్ని అని బుకింగ్‌కు ముందే అడగండి. పక్కకు తిరిగి ఉండే సోఫా మీద చైల్డ్ సీటు బిగించకూడదు. బండి నడుస్తుండగా టీ పెట్టడం, బాత్రూమ్‌కు వెళ్లడం, మంచం మీద పడుకోవడం ఏదీ వద్దు. ఆగి చేసుకోండి.

బయల్దేరేముందు గ్యాస్ వాల్వ్ కట్టేయండి. బరువైనవి కింద పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తుందో లేదో నొక్కి చూడండి. పొగ గొట్టం నుంచి వచ్చే ఆ వాయువుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియదు.

మన దేశంలో కూడా కారవాన్ టూర్లు మొదలయ్యాయి. కేరళ 2021లో దానికోసం ప్రత్యేకంగా పాలసీ తెచ్చింది. అక్కడైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఏసీ గురించి కాదు, బెల్టుల గురించే.

వాట్సాప్‌లో ఒక ఫొటో

మాథర్ పాయింట్ నుంచే అమ్మ నాన్నకు వీడియో కాల్ చేసింది. మన దగ్గర అప్పుడు తెల్లవారింది. లోయ చూపించింది, నా చేతి కట్టు చూపించింది, జరిగింది చెప్పింది. నాన్న విని, "నేను ఎల్లుండి పెండ్లికి పోవాలె, మనోళ్లు ట్రాలీ మాట్లాడిండ్రు" అన్నాడు.

"నువ్వు బస్సుల పో."

"అందరు ట్రాలీల పోతాంటే నేనొక్కన్ని బస్సుల పోతే ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోని. నలుగుర్ని నీ ఎంబడి తీస్కపో."

మేం తిరుగు ప్రయాణంలో ఉండగా నాన్న ఫొటో పంపాడు. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన నాన్న, వెనక సీట్లో మా ఊరి ముసలోళ్లు ఇద్దరు. మిగతావాళ్లంతా ట్రాలీలోనే పోయారట. అమ్మ ఆ ఫొటోను పెద్దగా చేసి చూసింది. ముగ్గురినీ వేలితో లెక్కపెట్టింది. తర్వాత ఫోన్ నాకిచ్చి బెల్టు సర్దుకుంది.